పత్తికట్టె తినే పురుగు బొమ్మ

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ల్యాబ్‌లో అందరికీ తెలుసు. నా మీద నాకున్న కోపం సంగతే ఎవరికీ తెలియదు. దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేక ఇలా కాగితం ముందు కూర్చున్నాను.

మాది పొదిలి అవతల ఒక మెట్ట ఊరు. పత్తి, మిరప, వాన కరుణిస్తే కంది. మా నాన్న తమ్ముడు, అంటే మా బాబాయి, మా చేను గట్టు పక్కనే సేద్యం చేస్తాడు. బాబాయికీ పిన్నికీ పిల్లల్లేరు. అందుకని ఉన్న ముద్దంతా నా మీదే, ఉన్న తిట్లన్నీ నా మీదే. "పెంట పిసుక్కోవడానికా ఇన్నేళ్లు చదివింది?" అని నా పరిశోధన చూసి మా నాన్న విసుక్కున్నప్పుడు, "పెంట లేకపోతే నువ్వు తినే అన్నం యాడ్నుంచి వస్తది అన్నా?" అని ఎదురుతిరిగింది బాబాయి ఒక్కడే.

మా ఊళ్లో పత్తి ఆఖరి తీత అయిపోయాక కట్టె పీకేసి, పొయ్యిలోకి కావలసినంత తెచ్చుకుని, మిగతాది చేలోనే తగలబెడతారు. బాబాయి తగలబెట్టడు. ముక్కలు కొట్టించి, పేడా, మిరపకాయల తొడిమలూ కలిపి, కొట్టం వెనక కుప్ప పోసి, నీళ్లు చల్లి, పైన మట్టి మెత్తుతాడు. పది రోజులు తిరిగేసరికి ఆ కుప్ప పొద్దున్నే ఆవిర్లు కక్కేది. ఆయనకు థర్మామీటరు లేదు. గునపం కుప్పలోకి దిగ్గొట్టి, చుట్ట కాల్చినంతసేపు ఉంచి, లాగి అరచేత్తో పట్టుకునేవాడు. పట్టుకోగలిగితే కుప్ప ఇంకా పచ్చిదే. అమ్మో అని చెయ్యి లాక్కున్నాడంటే లోపల పని మొదలైనట్టు.

నేను అప్పటికి నల్లపాడులో గది తీసుకుని, గుంటూరులో ఒక ల్యాబ్‌లో పరిశోధన మొదలుపెట్టాను. పత్తి అంటే దాదాపు అంతా సెల్యులోజే. చక్కెర అణువులు ఒకదానికొకటి పట్టుకుని పొడవాటి గొలుసులవుతాయి, ఆ గొలుసులు పక్కపక్కన బిగుసుకుని పోగవుతాయి. నీళ్లలో కరగవు, మన కడుపులో అరగవు. వాటిని కత్తిరించే ఎంజైములు కొన్ని బాక్టీరియాల దగ్గర ఉంటాయి. మామూలు ఎంజైములు వేడి తగిలితే గుడ్డులో తెల్లసొన గట్టిపడ్డట్టు గట్టిపడి పనికిరాకుండా పోతాయి. వేడిలోనే బతికే బాక్టీరియా ఎంజైము మాత్రం ఆ వేడిలోనే హాయిగా పనిచేస్తుంది. ఎందుకంటే దాని ఆకారం అలాంటిది. ఆ ఆకారమేమిటో తేల్చడమే నా పని. ఇలాంటి బాక్టీరియా కోసం కొందరు కొండల్లో వేడినీటి బుగ్గల దాకా పోతారు. నేను మా బాబాయి కుప్ప దగ్గరికి పోయాను.

"ఏందే, పెంటలో ఏం ఎతుకుతున్నావ్?" అన్నాడు నేను గ్లవ్స్ తొడుక్కుని వంగుంటే.

"నీ పత్తికట్టె తినే పురుగుని, బాబాయ్."

"కంటికి ఆనుద్దా?"

"ఆనదు. దాని నోరు ఇంకా చిన్నది. ఆ నోటిని లక్షల్లో చేయించి, పటికబెల్లం పలుకుల్లా గట్టిపడేట్టు చేసి, ఎక్స్‌రే కొట్టి, అది ఎట్టా ఉందో బొమ్మ తీస్తాం."

బాబాయి గునపానికి ఆనుకున్నాడు. "అయితే ఆ బొమ్మ నాకు చూపియ్యి. ఇన్నేళ్ల నుంచి నా కట్టెంతా తిన్నోడి మొహం నేను చూడొద్దా?" అని పగలబడి నవ్వాడు.

"మొదట నీకే చూపిస్తా. మా ల్యాబ్ మేడమ్‌కి కూడా ఆ తర్వాతే," అన్నాను. ఒట్టు కూడా వేశాను, నా నోరు ఊరుకోక.

ఆ కుప్పలోంచి తెచ్చిన పిడికెడు పెంటలో నిజంగానే దొరికింది. సెల్యులోజు పోసిన పళ్లేల మీద దాన్ని వేడిలో పెంచి, ఎర్ర రంగు పోసి కడిగితే, అది తిన్నంతమేరా చుట్టూ రంగు పోయి గుండ్రంగా కనపడింది. అంత పెద్ద వలయం మా ల్యాబ్‌లో ఎవరికీ రాలేదు. నేను ఎగిరి గంతేశాను. శనివారం సాయంత్రం ఇంటికి పోతూ, మామూలు బాక్టీరియాకు చేసే అలవాటు కొద్దీ ఆ పళ్లేలన్నీ ఫ్రిజ్‌లో పెట్టేశాను. పక్కన ఇంకో నకలు దాచలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది. చెయ్యి కాలే వేడిలో పుట్టి పెరిగిన జీవిని తీసుకుపోయి చలిపెట్టెలో పెట్టాను. వారం తర్వాత తీసి ఎన్ని విధాల బతిమాలినా ఒక్కటీ మొలవలేదు.

మళ్లీ పిడికెడు పెంట కోసం ఊరికి పరిగెత్తాను. అప్పటికే తొలకరి పడింది. తొలకరికి ముందే కుప్పలన్నీ చేలకు తోలేస్తారు. కొట్టం వెనక నల్లటి మరక తప్ప ఏమీ లేదు. చేలోంచి మట్టి తెచ్చి వెతికాను, దొరకలేదు. గట్టు మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

"ఏడవమాకే. ఎండాకాలం రానీ, మళ్లీ ఏద్దాం కుప్ప. వాడు యాడికీ పోడు," అన్నాడు బాబాయి.

అలా ఒక సంవత్సరం పోయింది.

ఆ మరుసటి ఎండాకాలం కుప్ప వేసినప్పుడు వెళ్లాను. బాబాయి గునపం ఎత్తి దించితే అది కుప్పలో కాకుండా పక్కన నేలలో దిగింది. రెండోసారీ అంతే. ఎదురుగా ఉన్న నీళ్ల బకెట్టు తన్నుకుని పడబోయాడు. "ఏంటి బాబాయ్?" అంటే, "మిరప ఘాటేలే. కల్లాల్లో తిరిగొచ్చా," అన్నాడు. కాయలు ఆరబోసే రోజుల్లో మా దగ్గర కళ్లు మండని మనిషి ఉండడు. కళ్లు మండినా, మసకేసినా, నీళ్లు కారినా అందరం ఒకటే మాట అంటాం. ఆయన రెండు పంటల నుంచీ ఆ మాటే అంటున్నాడని అప్పుడు తెలిసింది.

తిట్టి, గొడవపడి, గుంటూరు తీసుకొచ్చి కంటి డాక్టరుకు చూపించాను. నీటికాసులు, అంటే గ్లాకోమా అన్నాడు. పక్కచూపు అప్పటికే పోయింది, నడిమధ్యన కాస్త మిగిలింది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి, అది కూడా ఎంతకాలమో చెప్పలేనన్నాడు. పిన్ని అక్కడే వరండాలో కూలబడింది. "రోజూ కళ్లు నులుముకుంటంటే మిరపకాయలేగా అనుకున్నా అమ్మాయ్. నా పాపిష్టి మొహం," అని నెత్తి కొట్టుకుంది.

తిరుగు బస్సు ఎక్కించాక బాబాయి కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని ఒక్క మాట అడిగాడు. "మన పురుగు బొమ్మ ఎందాకా వచ్చిందే?"

ఆయనకు మిగిలిన చూపులో నాకూ వాటా పెట్టాడని అర్థమైంది. బొమ్మ చూడకముందే ఆ చూపు ఆరిపోకూడదు. అప్పటి నుంచి నా పరుగంతా అందుకే.

పురుగు మళ్లీ దొరికింది. ఈసారి నాలుగు చోట్ల దాచాను. ఎంజైము తయారుచేసే జన్యువును చదివించాం. ఆ జన్యువులోని అక్షరాలు ఇస్తే కంప్యూటరే ఊహించి ఆకారం గీసిచ్చే రోజులివి. ఒక సాయంత్రం ఇచ్చి, టీ తాగి వచ్చేసరికి బొమ్మ తెర మీద ఉంది. గుండ్రంగా చుట్టుకున్న రిబ్బన్ల మూట. దాని నడినెత్తిన పొడుగ్గా ఒక గాడి. పత్తి గొలుసు ఆ గాడిలో పడుకుంటుంది, గాడి మధ్యలో రెండు కొసలు దాన్ని తెంపుతాయి. వదులుగా వేలాడే మెలికలు చాలా తక్కువ. అన్నీ లోపలికి దగ్గరగా ముడుచుకుని ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. వేడికి విడిపోనిది అందుకే.

మా మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇది ప్రింటు తీసి మీ బాబాయి గారికి చూపించి రామ్మా. పేపర్ సంగతి తర్వాత చూద్దాం," అన్నారు.

"ఇది ఊహండీ మేడమ్. నేను ఆయనకి నిజమైంది చూపిస్తానన్నాను," అన్నాను.

అది నిజాయితీ అనుకున్నాను. కాదు, పొగరు. మిరపచేలో పుట్టిన మనిషికి ఊహకూ నిజానికీ తేడా నేను నేర్పాలా? ఆయన అడిగింది చూడ్డానికి ఒక బొమ్మ. అంతే కదా.

నిజం కోసం మొదలుపెట్టాను. మామూలు బాక్టీరియాలో మా జన్యువు పెట్టి పెంచి, ఆ రసాన్ని వేడి చేస్తే తక్కినవన్నీ విరిగిన పాలలా ముద్దకడతాయి, మాది ఒక్కటే తేటగా నిలబడుతుంది. అక్కడిదాకా సులువే. ఆ తేటను వందల చుక్కలుగా పెట్టి, స్ఫటికాల కోసం నెలల తరబడి కాచుకున్నాను. కొన్ని చుక్కలు ఎండిపోయాయి, కొన్నింటిలో ఇసుకలాంటి పొడి. బాబాయి ఫోన్ చేసి, "పలుకులు కట్టినయ్యా?" అని అడిగేవాడు. కొన్నాళ్లకు ఆయన బదులు పిన్ని చేయడం మొదలుపెట్టింది. నంబరు నొక్కడం ఆయనకు కుదరడం లేదట. "ఓసారి వచ్చిపోవే. మనిషి దొడ్లోకి పోవాలన్నా చెయ్యి పట్టుకోవాల్సి వస్తంది," అంది. "వచ్చే నెల పిన్నీ," అన్నాను. ఆ నెల కూడా అదే చెప్పాను.

ఆఖరికి స్ఫటికాలు వచ్చాయి. దూరం పంపించి ఎక్స్‌రే తీయించాం. నిజమైన ఆకారం వచ్చింది. అలవాటుగా దాన్ని కంప్యూటరు ఊహించిన పాత బొమ్మ మీద పెట్టి చూశాను. గాడి దగ్గర ఒక మెలికలో కాస్త తేడా. మిగతాదంతా ఒకదాని మీద ఒకటి కూర్చుంది. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను బాత్రూములోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. ఆ ఒక్క మెలిక కోసం నేను ఆయన చూపులో ఎనిమిది నెలలు తిన్నాను.

పెద్ద మందపాటి కాగితం మీద రంగుల్లో ప్రింటు తీయించుకుని బస్సెక్కాను. బాబాయి వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకే, "అమ్మాయొచ్చింది. బొమ్మొచ్చిందన్నమాట!" అన్నాడు.

ఆయన చేతుల్లో పెట్టాను. రెండు చేతులతో అటూ ఇటూ తడిమి పట్టుకుని, వెలుతురు వచ్చే వైపు తిరిగి, మొహానికి దగ్గరగా ఎత్తాడు. కాగితం తెల్లటి వెనకవైపు ఆయనకుంది. బొమ్మ వీధి వైపుంది.

పిన్ని నోరు తెరవబోయింది. నేను గట్టిగా ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అబ్బో! ఎన్ని రంగులే! ఎన్ని మెలికలు పెట్టాడే వీడు!" అన్నాడు బాబాయి. కాసేపు అలాగే చూశాడు. తర్వాత, "నోరేదే?" అని అడిగాడు.

ఆయన చూపుడువేలు పట్టుకుని తెల్లకాగితం నడిమధ్యన పెట్టాను. "ఇదిగో బాబాయ్. ఈ గాడిలోకి నీ పత్తి పోగు దూరుద్ది. ఇక్కడ తెగుద్ది," అన్నాను. ఆయన వేలు అక్కడే ముందుకీ వెనక్కీ నెమ్మదిగా జరిపాడు.

"ఇంకొంచెం ముందు తెచ్చుంటే బాగా చూసేవాణ్ణే," అన్నాడు. వెంటనే నా మొహం ఎక్కడుందో వెతుక్కుంటూ చెయ్యి చాపి, "పోనీలే, ఇప్పుడు చూశాగా," అన్నాడు.

ఆయనకు కనపడటం లేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఆ కాగితం తిరగేసి పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.