ఖాలా ఇవ్వని పిల్లికూన

డెబ్బైల్లో తాండూరులో టీచరుగా చేరాను. గదినిండా ఎలుకలే. అందరూ ఖాలా అని పిలిచే పక్కింటి ముసలమ్మను ఒక పిల్లికూన ఇమ్మని అడిగాను.

"పగటిపూట ఇంట్ల ఎవరుంటరు సారూ?"

"ఎవ్వరుండరు."

"సెలవులల్ల?"

"వికారాబాద్ పోత, మా ఇంటికి."

"అయితే ఇయ్య."

కూన కోసమని రోజూ పాలు పోయించుకోవడం మొదలుపెట్టి మళ్లీ వెళ్లాను. ఈసారి మా బావికి మూత లేదంది. కన్నకూతురు అడిగినా, "మీ అత్తకు పిల్లులంటే పడది" అని వట్టి చేతులతో పంపిందట.

విసిగిపోయి, నాపరాళ్ల షెడ్డు కాపలాదారు దగ్గర ఒక కూనను తెచ్చుకున్నాను. సంగతి విని ఖాలా వచ్చింది.

"ఇచ్చినోడు ఏమడిగిండు?"

"ఏమడగలే. పైస గూడ తీస్కోలే."

ఖాలా నా పక్కనుంచి వెళ్లి, మంచం మీద నిద్రపోతున్న కూన వైపు వంగింది.

"గంత అగ్గువైనవా బిడ్డా?" అంది.