చాడీయా, సాక్ష్యమా?

మసీదు మేడ మీది గదిలో ఇరవై ఏళ్లుగా ఆడపిల్లలకు నీతిపాఠాలు చెబుతున్న టీచరమ్మకు ఒక గర్వం ఉండేది. తన శిష్యురాళ్లను నిద్రలో లేపి అడిగినా పాఠం పొల్లుపోకుండా అప్పజెబుతారని.

ఆ గర్వం ఒక్కరోజులో దిగిపోయింది. పిల్లల్ని తీసుకొచ్చే వ్యాను గోడకు గుద్దుకుంది. మిగతావాళ్లు గీతలతో బయటపడ్డారు గానీ, క్లాసులో చురుకైన పిల్లకు చెయ్యి విరిగింది. పలకరించడానికి వెళ్తే ఆ పిల్ల మంచం మీంచే అంది.

"డ్రైవర్ మామ వారం నుంచీ కునికిపాట్లు పడుతూనే నడుపుతున్నాడు టీచర్."

"మరి ఒక్కరికైనా చెప్పలేదేమే?"

"ఒకళ్ల తప్పు వెనకాల చెప్పడం పాపమని మీరే కదా నేర్పారు!"

సాక్ష్యం దాచడమూ పాపమేనని అదే పుస్తకంలో నాలుగు పేజీల అవతల టీచరమ్మే చెప్పింది. రెండూ ఆ పిల్లకు కంఠతా వచ్చు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించడమే తను నేర్పలేదు.

మర్నాడు పుస్తకం మూసేసి అడిగింది. "చాడీ ఎందుకు తప్పు?"

"పాపం కాబట్టి!" అన్నారందరూ ఒకే గొంతుతో.

"ఎందుకు పాపం?"

తర్వాత మూడు రోజులు, ఏది చాడీ ఏది సాక్ష్యం అని ఒకటే వాదన. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతె చివరికి ముడి విప్పింది.

"సరిదిద్దగలిగేవాళ్లకు చెప్తే సాక్ష్యం టీచర్. నవ్వుకునేవాళ్లకు చెప్తే చాడీ."

సంగతి ఇమాం గారి చెవిన పడింది. "పిల్లలకు ప్రశ్నలు నేర్పుతున్నావటమ్మా! రేపు ధర్మాన్నే ప్రశ్నిస్తారు" అంటూ మెట్లెక్కి వచ్చారు.

"ఒక్క పూట కూర్చుని వినండి. ఆపై మీ ఇష్టం" అంది.

ఆయన కూర్చున్నారు. చేతికట్టుతోనే క్లాసుకొచ్చిన పిల్ల లేచి నిలబడింది. "ఇమాం గారూ, దర్జీ మామ నమాజుకు రావట్లేదని మొన్న అందరి ముందూ చెప్పారు కదా. అది సాక్ష్యమా, చాడీయా?"

టీచరమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. ఇమాం గారు గడ్డం నిమురుకున్నారు.

"చాడీయేనమ్మా" అన్నారు.

మెట్లు దిగి తిన్నగా దర్జీ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగారు. పక్షవాతంతో మంచాన పడ్డ తల్లిని వదిలి రాలేకపోతున్నానని దర్జీ అప్పుడు చెప్పాడు. ఆ సాయంత్రం నుంచే ఆమెను చూసుకోవడానికి వాళ్లింటికి మనుషులు వంతులవారీగా వెళ్లసాగారు.

క్లాసు ఆగలేదు. పిల్లల ప్రశ్నలకు టీచరమ్మ ఇప్పుడు ఒక్కోసారి "నాకూ తెలీదే, చదివి రేపు చెప్తా" అంటుంది. ఇరవై ఏళ్లలో ఆమె నోట ఎన్నడూ రాని మాట అది. మర్నాడు తప్పకుండా చెబుతుంది.