విప్పని నాలుగో చక్రం

డెబ్బై ఏడులో దివిసీమ ఉప్పెన వచ్చిన ఐదో రోజు ఉదయం ఆరున్నరకు గుడివాడ స్టేషన్లో దిగాం. రైలు అక్కడి నుంచి ముందుకు వెళ్లదన్నారు. మూడు టన్నుల లారీలు నాలుగు, ఒక జీపు, ఒక వైర్‌లెస్ సెట్టు, అరవై మంది జవాన్లం. వాన వెలిసి ఎండ కాస్తోంది. నేల మాత్రం ఎక్కడ కాలు పెట్టినా చీలమండ దాకా దిగుతోంది. వ్యాగన్ల మీద నుంచి పలకలు వేసి లారీలు దించేసరికి తొమ్మిదయింది.

నేను ఆ కంపెనీలో చేతి మీద రెండు పట్టీలున్న నాయక్‌ని, బళ్ల మెకానిక్కుని. నా సంతకం లేనిదే బండి కదలకూడదు. అరవై మందిలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మాది గుడ్లవల్లేరు. బందరు వెళ్తూ మా ఊళ్లోంచే వెళ్లాం. మా ఇల్లు నిలిచే ఉంది, పెంకులు లేచిపోయాయి. లారీ ఆపమని అడగలేదు. అడిగితే ఆపేవాళ్లేమో.

బందరులో ఒక బడి ఆవరణలో గుడారాలు వేశాం. సాయంత్రం కెప్టెన్ సాబ్ ఆర్డరు చదివాడు. పొద్దున ఐదింటికి బళ్లు బయల్దేరాలి. మంచినీళ్ల డ్రమ్ములు, బియ్యం, బ్లీచింగ్ పౌడరు దివిసీమకు చేర్చాలి. వచ్చేటప్పుడు దెబ్బలు తగిలినవాళ్లను తేవాలి. చీకటి పడేలోగా తిరిగి రావాలి.

అవనిగడ్డ దాటాక ఏం చూశామో చెప్పను. అప్పుడు పేపర్లో చదివినవాళ్లు మీలో ఉంటారు. నేను బళ్ల గురించే చెబుతాను.

ఉప్పునీళ్లలో నడిచిన లారీకి ప్రమాదం చక్రం నడిమధ్యన ఉంటుంది. హబ్బులోకి నీళ్లు దిగి బేరింగుల గ్రీజును కడిగేస్తాయి. పైకేమీ తెలియదు. గ్రీజు లేని బేరింగు కాలి, పగిలి, చక్రం ఊడిపోతుంది. అందుకని రెండు మూడు రోజులకొకసారి నాలుగు హబ్బులూ విప్పాలి, కిరోసిన్‌తో కడగాలి, కొత్త గ్రీజు కూరాలి. మా వర్క్‌షాపు లారీ బెజవాడ దగ్గరే ఆగిపోయింది. బందరులో ఒక ప్రైవేటు గ్యారేజీకి ఇవ్వమన్నాడు కెప్టెన్ సాబ్.

"బిల్లు సర్కారు కడుతుంది. పని జరిగిందో లేదో చూసే పూచీ నీది," అన్నాడు.

గ్యారేజీ కరీం మేస్త్రిది. యాభై దాటిన మనిషి. తక్కువ మాట, శుభ్రమైన చెయ్యి. బండి ఇచ్చేముందు ప్రతి హబ్బు మూత మీంచీ హబ్బు మీదకి సన్నగా పసుపు రంగు గీత గీసేవాణ్ణి. మూత విప్పి మళ్లీ బిగిస్తే గీత తెగుతుంది. మొదటి రోజే మేస్త్రి దాన్ని చూశాడు.

"మమ్మల్ని నమ్మట్లేదాండీ?"

"పటాలంలో నన్నూ నమ్మరు మేస్త్రి గారూ."

చిన్నగా నవ్వి పానా అందుకున్నాడు. ఆ వారంలో చేసిన బళ్లన్నిటికీ గీతలు తెగే ఉన్నాయి. మూత తీసి వేలు పెట్టి చూస్తే లోపల కొత్త గ్రీజు. మంచి పనివాడు. అది ఇప్పటికీ అంటాను.

ఆయన కూతుర్ని నాగాయలంక అవతల ఒక ఊళ్లో ఇచ్చాడు. అల్లుడు బట్టలు కుడతాడు. ఉప్పెన తరువాత కబురు లేదు. రోజూ మా లారీలు తిరిగి రాగానే అడిగేవాడు.

"ఆ ఊరి వైపు వెళ్లారాండీ?"

"ఇంకా దారి పడలేదండీ."

"పడుతుంది లెండి," అనేవాడు, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

మేం వచ్చిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండింటికి మూడో బండిని ఆయన షెడ్డులో పెట్టాం. ఎడమవైపు గోడకి ఆనుకుని నిలిపాం. మూడు చక్రాలు నా కళ్లముందే అయ్యాయి. నాలుగోదాని కింద జాకీ పెడుతుండగా సైకిలు మీద ఒకాయన వచ్చాడు.

"మేస్త్రి గారూ, ప్రాణాలతో ఉన్నవాళ్ల లిస్టు వచ్చిందంట. తాలూకా కచేరీ దగ్గర చదువుతున్నారు."

మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకుని అలాగే వెళ్లాడు. గంట తరువాత వచ్చాడు. నన్ను చూడలేదు. తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు, చాలాసేపు కడుక్కున్నాడు. తరువాత గోడ సందులోకి దూరాడు. కొంతసేపటికి జాకీ దించి బయటికి వచ్చి పానాలు సర్దాడు.

"అయిపోయిందండీ. తీసుకెళ్లండి."

నాలుగో చక్రం గోడ వైపుది, వెనక ఎడమది. చూడాలంటే పక్కకి తిరిగి దూరి నాలుగడుగులు వెయ్యాలి. వెయ్యలేదు. ఆ లిస్టులో కూతురి పేరు లేదని ఆయన వాలకమే చెప్పింది. అలాంటి మనిషి ఎదుట, ఆయన పని చేశాడో లేదో వంగి చూడటానికి నాకు సిగ్గేసింది. కాగితం మీద సంతకం పెట్టాను.

మూడో బండి డ్రైవరు హిమాలయాల్లో గఢ్వాల్ కొండలవాడు. ఇరవై మూడేళ్లు. సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు, ఇక్కడికి వచ్చీ చూడలేదు, దాని నీళ్లే చూశాడు. మర్నాడు ఐదింటికి ఇంజన్ వేస్తూ అడిగాడు.

"అన్నీ చూశావా ఉస్తాద్?"

"చూశాను," అన్నాను.

ఆ రోజే నాగాయలంక అవతలికి దారి పడింది. మూడో బండిలో నీళ్ల డ్రమ్ములు. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. వెనక నాలుగో బండిలో నేను, వైర్‌లెస్ ఆపరేటరు. కాలవ గట్టు మీద నెమ్మదిగా వెళ్తున్నాం. తొమ్మిదీ నలభైకి ముందు లారీ వెనక ఎడమ చక్రం వేరుపడి గట్టు మీద దొర్లింది. లారీ పక్కకి ఒరిగి కాలవలోకి బోర్లాపడింది.

"మూడో బండి కాలవలో పడింది. ఓవర్," అన్నాడు ఆపరేటరు సెట్టులో.

"మనిషి? ఓవర్."

"మనిషి కిందే ఉన్నాడు. ఓవర్."

ఊరివాళ్లు వచ్చారు. తాళ్లు వేశాం, దుంగలు దూర్చాం. లారీ లేచేసరికి పదకొండు దాటింది.

చక్రం గట్టు మీద పడి ఉంది. హబ్బు మూత మీద నేను గీసిన పసుపు గీత తెగలేదు.

విచారణలో కెప్టెన్ సాబ్ అడిగాడు. "గ్యారేజీవాడి తప్పని రాయనా?"

"చూడాల్సింది నేను సాబ్. చూశానని డ్రైవరుతో చెప్పిందీ నేనే."

అదే రాశాడు. నా చేతి మీది పట్టీల్లో ఒకటి తీసేశారు. అది తక్కువ శిక్ష.

రెండు రోజులకి మేస్త్రి బడి గేటు దగ్గరికి వచ్చాడు.

"నాలుగోది విప్పాననే అనుకున్నాను బాబూ. ఒట్టు. అలవాటైన పని, చేతులే చేసేశాయనుకున్నాను."

"నేను చూడాల్సింది మేస్త్రి గారూ."

"చూస్తే నేనేమైనా అనుకుంటాననుకున్నారా?"

ఆయన కూతురి ఊరికి అప్పటికి వెళ్లి వచ్చాను. ఇళ్లు ఉండాల్సినచోట అరుగులే ఉన్నాయని చెప్పాను. తల ఊపాడు. తరువాత కూడా మా బళ్లు ఆయనే చేశాడు. ప్రతి చక్రం దగ్గరికీ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించేవాడు. చూసేవాణ్ణి. ఇద్దరికీ కష్టంగానే ఉండేది.

నెల తరువాత గుడివాడలోనే రైలెక్కాం. లారీలు మూడు. డ్రైవరు ఇంటికి కెప్టెన్ సాబ్ ఉత్తరం రాశాడు. నేనూ రాశాను. పోస్టు చెయ్యలేదు.

ఇప్పుడు రిటైరయి గుడివాడలో ఉంటున్నాను. స్కూటరు సర్వీసుకిస్తే అయ్యేదాకా పక్కన నిలబడతాను. పాత ఆయిలు చూపించమంటాను, తీసిన పార్టు అడుగుతాను. కుర్చీ వేస్తారు, కూర్చోను. అనుమానం మనిషి అంటారు. అననీ. పనివాడు దొంగ కానక్కర్లేదు. మనసు బాగోలేని మనిషయినా చాలు. మీ చూపు మీ ప్రాణాన్నే కాదు, వాడి ప్రాణాన్నీ కాస్తుంది.

ఒక్కటి మాత్రం కళ్లముందు నుంచి పోదు. మూడో బండి పడ్డ రోజు ఆ కాలవ పక్క ఊరి ఆడవాళ్లు తెల్లవారినప్పటి నుంచీ బిందెలు పట్టుకుని మా నీళ్ల కోసం గట్టు మీద నిలబడి ఉన్నారు. ఊళ్లో ప్రతి బావీ ఉప్పే. లారీ పడ్డప్పుడు డ్రమ్ములు మూతలు ఊడకుండా గట్టు వాలుకి దొర్లాయి. పదకొండు దాటేదాకా వాటిని ఒక్కరూ ముట్టుకోలేదు. మేం డ్రైవరుని తీసి గట్టు మీద పడుకోబెట్టాక ఒక ముసలావిడ డ్రమ్ము మూత తీసి బిందె నింపుకుంది. తాగుతుందనుకున్నాను. వచ్చి కూర్చుని, అతని తల ఒళ్లో పెట్టుకుని, ముఖం మీది బురద మీద కొంచెం కొంచెంగా పోసింది.

"ఏ ఊరు బాబూ ఈ పిల్లాడిది?"

"చాలా దూరం అమ్మా."

"అయితే వాళ్లమ్మకింకా తెలీదు," అంది. కొంగుతో అతని కనురెప్పలు తుడిచి, రెండో బిందె కోసం లేచింది.