కోటేశ్వరరావు గారి పేరు మీద నేను నొక్కిన ‘అవును’

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. వేలు జారడం సంగతి వాళ్లకు తెలీదు, పాపం. నా చూపుడువేలు ఒక్కసారి జారి చిలకలూరిపేట నుంచి కోయంబత్తూరు దాకా ఎంత చిచ్చు పెట్టిందో చెబుతాను. నవ్వుకోండి గానీ మా వీధిలో చెప్పకండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కోటేశ్వరరావు గారి జిన్నింగ్ మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరి నెలైంది. మా నాన్న బజారంతా చెప్పుకుని మురిసిపోయాడు. మిల్లు ఈమెయిల్ ఓనరు గారి పేరు మీదే ఉండేది. ఆయన రూలు ఒక్కటే: “ఒరేయ్ మస్తానూ, పార్టీ అడిగినదానికి ఆ పూటే జవాబు పోవాలి. కాదనే మాట మన మిల్లులో లేదు.”

ఓ మధ్యాహ్నం, నూరు పత్తి బేళ్లు ఖాయం చేయాల్సిన కోయంబత్తూరు పార్టీ నుంచి మెయిలొచ్చింది. తెరిస్తే ఎర్రటి గుండె బొమ్మ. ఆ పార్టీ ఓనరు సెల్వం గారు మీమీద మనసు పడ్డారు, మీకూ ఆయనంటే ఇష్టమేనా అని ఇంగ్లీషులో ఉంది. కింద ‘అవును’, ‘కాదు’ అని రెండు బటన్లు.

మీరైతే ఏం చేసేవారో గానీ, నేను వ్యాపారం ఆలోచించాను. ‘కాదు’ నొక్కితే నూరు బేళ్లు పోతాయి. ‘అవును’ నొక్కాను. మీ పరిచయస్తులందరికీ ఇదే కబురు పంపమంటారా అంది కంప్యూటర్. కాదనే మాట మన మిల్లులో లేదు కదా! మళ్లీ ‘అవును’.

అరగంటలో బ్యాంకు మేనేజరమ్మ ఫోను. “ఏమయ్యా, మీ ఓనరు గారు నామీద మనసు పడ్డారంట! మా ఆయన పక్కనే ఉన్నారు, ఏం చెప్పమంటావ్?”

ఆ వెనకే ఓనరు గారు ఊడిపడ్డారు. “ఏం నొక్కావురా?”

“అడిగిందల్లా నొక్కానండి.”

“పైన తెల్లగా ఉందని పత్తి కొంటామంట్రా? బోరెం సంచిలో మోచేతిదాకా చెయ్యిపెట్టి అడుగు పత్తి లాగి చూడమూ? మరి దీని అడుగున ఏముందో చూడకుండా ఎట్టా నొక్కావ్?”

ఉద్యోగం పోయినట్టే. నాన్న ముఖం గుర్తొచ్చి నిజంగానే ఏడుపొచ్చింది.

అంతలో గుమ్మంలో నరసింహారావు గారు! రోడ్డవతల మిల్లు ఆయనదే. మా ఓనరుకు సొంత అన్న. కాటా దగ్గర గొడవై మూడేళ్లుగా మాటల్లేవు. మాటల్లేకపోయినా కంప్యూటర్లో ఆయన మెయిల్ అడ్రసు మాత్రం చెరపనివ్వలేదు మా ఓనరు.

“ఏరా కోటీ, నేనంటే ఇష్టమంటగా!” అన్నాడాయన, చేతిలో కాగితం ఊపుతూ. “ఆ ముక్క నోటితో చెప్పడానికేం రోగం?”

మా ఓనరు కండువాతో కళ్లొత్తుకున్నారు. “కూర్చో అన్నయ్యా. మస్తానూ, టీ చెప్పు!”

మూడు రోజులు నాకు మిల్లులో పెళ్లికొడుకు మర్యాదలు. నాలుగో రోజు అన్నదమ్ములు రెండు ఆఫీసులూ కలిపేశారు. ఒక ఆఫీసుకు ఒకే కంప్యూటర్, ఒకే ఆపరేటర్. ఆ కుర్చీ అన్నగారి ఆఫీసులో పనిచేసే సువార్తకిచ్చారు. ఎందుకంటారా? ఆ మెయిల్ రాగానే ఆ అమ్మాయి ఏదీ నొక్కలేదు. ప్రింటు తీసి, “ఇదేదో తేడాగా ఉందండి, తమ్ముడు గారినే అడగండి” అని వాళ్ల ఓనరు చేతిలో పెట్టింది. ఆ రోజు ఆయన ఊపిన కాగితం అదే.

కోటేశ్వరరావు గారు నా భుజం తట్టారు. “నీ మేలు మర్చిపోనురా. రేపట్నుంచి బోరేల దగ్గరుండు. మోచేతిదాకా చెయ్యిపెట్టి చూడటం అలవాటవుద్ది.”

కనుక అయ్యలారా, అమ్మలారా, పత్తి దుమ్ము పట్టిన ఈ చేతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అడుగున ఏముందో చూడందే జన్మలో ఏదీ నొక్కను. ఫ్యాను స్విచ్చయినా సరే, ముందు సువార్తను అడిగాకే.