గుర్రం కంటే ముందు మామగారు

"మామయ్య ఆ మందు నాకేశారండీ. ఇప్పుడేమవుతుంది?"

ఫోన్లో అవతల గుర్రాల డాక్టరు ఏ మందని అడిగాడు. చలికాలం మొదట్లో గుర్రాలకు వేసే నులిపురుగుల మందని కోడలు చెప్పింది. ఎంత నాకారని అడిగాడు. వేలి కొసంత అంది. ఆ మందు నరాల మీద ఎలా పనిచేస్తుందో ఆమె అప్పటికే చదివేసింది. చదివిన వెంటనే ఫోన్ అందుకుంది.

"ఏమీ కాదమ్మా," అన్నాడు డాక్టరు ఆవలిస్తూ. "పోయినేడూ నాకారు. కడుపులో పురుగులుంటే పోయుంటాయి. ఇంతకీ రుచి ఎలా ఉందన్నారు?"

చేదుగా ఉందన్నారట. ముసలి గుర్రం ఉమ్మేసేది అందుకేనట. నలిపిన ఆపిల్ ముక్కలో కలిపి, మళ్ళీ ఒకసారి నాకి చూసి, అప్పుడు పెట్టారట. "మళ్ళీ ఒకసారి" అన్న మాటను కోడలు రెండుసార్లు చెప్పింది. మూడోసారి మాత్రం నాకనివ్వకండని చెప్పి డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

మామగారితో వచ్చిన చిక్కే ఇది. తన మీద ప్రయోగించుకోకుండా గుర్రానికి ఏదీ ఇవ్వరు. డజను గుర్రాలున్న లాయానికి యజమాని, మనవణ్ణి ఎత్తిన మనిషి, ఏ కాలానికి ఆ కాలం తనే గుర్రమైపోతారు. ఎవరు ఏది పట్టుకుని లాయంలోకి నడిచినా చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు, ముందు నేను" అంటారు. పనివాళ్ళు ఆయన వెనకాల "ముందు-నేను గారు" అని పిలుచుకుంటారు. ఎదురుగా పిలిచినా ఆయన పలికేవారే.

ఎండాకాలంలో కళ్ళ మీద ఈగలు వాలకుండా గుర్రాలకు వలముసుగులు కడతారు. కొత్తవి వచ్చిన రోజున ఆయన ఒకటి మొహానికి బిగించుకుని, చెవుల సంచులు రెండూ నిక్కబొడుచుకుని ఉండగా, తిన్నగా బ్యాంకుకు వెళ్ళారు. గుమ్మం దగ్గర కాపలా అతను అడ్డుకున్నాడు. "దీంట్లోంచి నువ్వు మసగ్గా కనిపిస్తున్నావయ్యా. గుర్రం బెదరదూ?" అని అతన్నే నిలదీసి, వచ్చిన ముసుగులన్నీ తిరగ్గొట్టారు.

వానాకాలంలో ఆవరణ బురదైతే గిట్టలు నాని కుళ్ళుతాయి. నీళ్ళెక్కడ నిలుస్తున్నాయో చూసి రమ్మని ఓ మనిషిని పంపితే తీరిపోయేదానికి, ఆయన చెప్పులు విప్పి, తెల్లారింది మొదలు భోజనాల వేళ దాకా బురదలో నిలబడ్డారు. ముడతలు పడ్డ పాదాలను ఇంటిల్లిపాదికీ తిప్పి తిప్పి చూపించి, సాయంత్రానికల్లా కంకర పోయించారు. ఆ నెలలోనే లాడాలు కొట్టే అతని చేత తన బూటుకు ఒక లాడం కొట్టించుకుని తడిరాళ్ళ మీద నడిచారు.

"రెండోదానికీ కొట్టమంటారా అయ్యగారూ? కుంటుతున్నారు," అన్నాడతను.

"ఉండు. జారుతుందో లేదో తెలియాలిగా," అన్నారు. అన్న మరుక్షణమే తెలిసింది. నడుముకు పట్టీ వేసుకుని వారం రోజులు తిరిగారు.

ఇదంతా లాయంలో జరిగినన్నాళ్ళూ కోడలు సర్దుకుపోయింది. రసాయనశాస్త్రం చదివిన మనిషి, ప్రయోగమంటే ఆమెకూ గౌరవమే. కానీ పసివాడితో అత్తవారింటికి వచ్చినప్పటి నుంచి చూస్తోంది, ఇంట్లోనూ అన్నింటికీ ఆయనే ముందు. పొద్దున్న వేడినీళ్ళు ముందు ఆయనకే. పిల్లవాడికి పాలిద్దామని కిటికీ పక్క మెత్తటి కుర్చీలో ఆమె కూర్చోబోయే సమయానికి ఎక్కణ్ణుంచో ఊడిపడి ఆయన కూర్చుంటారు. అటూ ఇటూ ఊగుతారు. ఓసారి వెనక్కి వాలతారు. ఎప్పటికో లేస్తారు.

"మీ నాన్నగారికి మర్యాదనేది లేదా?" అని భర్తనడిగింది.

"గుర్రాల దగ్గర బోలెడుంది," అన్నాడతను.

అతనికేం, నవ్వేసి ఊరుకున్నాడు. సోమవారం నుంచి ఆమె మళ్ళీ ల్యాబుకు వెళ్ళాలి. పగలంతా పిల్లవాడు తాతయ్య దగ్గర ఉండాలా, ల్యాబు పక్కనున్న క్రెష్‌లో ఉండాలా అన్నది ఆమే తేల్చుకోవాలి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఎత్తుకు తిప్పేది ఆయనే. మందులు నాకే మనిషి చేతికి పాలసీసా ఇచ్చి వెళ్ళడమెలా? పైగా వారం నుంచి పిల్లవాడు చెవులు పీక్కుంటూ ఒకటే ఏడుపు. చెవిలో చీమేమో, చీమేమోనని రెండుసార్లు పిల్లల డాక్టరుకు చూపించింది. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. దాంతో భయం ఇంకా పెరిగింది.

ఆ వారమే చలి ముదిరింది. మామగారు గుర్రపు కంబళి కప్పుకుని, పొట్ట కింద బెల్టులు కూడా బిగించుకుని, ముసలి గుర్రానికీ ఒకటి కప్పించి, దాని పక్కన నిలబడి, హాయిగా ఉంది, అన్నింటికీ కప్పేయమన్నారు. కోడలికి ఒళ్ళు మండింది.

"మామయ్యా, మీకు బొచ్చు లేదు. దానికుంది. పగళ్ళు చిన్నవవుతుంటేనే దానికి చలిబొచ్చు మొలుచుకొస్తుంది," అని ముసలి గుర్రం కంబళి కింద, భుజం దగ్గర చెయ్యి దూర్చి తీసి చూపించింది. అరచెయ్యి దాని చెమటకు తడిసి ఉంది.

ఆయన ఆ చేతిని చూశారు. తన కంబళిలో తన చెయ్యి దూర్చి చూసుకున్నారు. "నిజమేనమ్మాయ్. నాది పొడిగానే ఉంది," అని, వెంటనే ముసలి గుర్రానికి కంబళి తీయించేశారు. ఓడిపోయిన మనిషి కాస్తయినా చిన్నబుచ్చుకోవాలి కదా, అదీ లేదు. తనది మాత్రం సాయంత్రం దాకా విప్పలేదు.

ఇక లాభం లేదు, క్రెష్‌కే ఫోన్ చేద్దామని ఆదివారం మధ్యాహ్నం ఆమె నిశ్చయించుకుంది. ఫోన్ పిల్లవాడి గదిలో ఉంది. పిల్లవాడు వరండాలో నాయనమ్మ ఒళ్ళో ఎండ కాగుతున్నాడు. తలుపు తోసేసరికి, వాడి చిట్టి పరుపు మీద మామగారు పడుకుని ఉన్నారు. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, వాడి ఉన్నిటోపీని చెవుల దాకా బలవంతాన లాక్కుని, కళ్ళు మూసుకుని.

"ఏంటి మామయ్యా ఇది?"

"ఆగమ్మాయ్. ఇంకా కాలేదు."

"ఏం కాలేదు?"

"వాడెందుకేడుస్తున్నాడో తేలొద్దూ? తలుపు కింద నుంచి గాలి కొడుతోంది, గుడ్డ అడ్డం పెడదాం. అసలు సంగతి అది కాదు." ఆయన లేచి కూర్చుని టోపీ పీకి, లోపలివైపు తిరగేశారు. చెవి తగిలే చోట గట్టి చీటీ ఒకటి కుట్టి ఉంది, సైజు అంకె వేసి. ఆయన చెవి వెనక ఎర్రటి గీత. "ముళ్ళకంచె కట్టుకున్నట్టుంది. వాడు కాబట్టి ఏడ్చి ఊరుకున్నాడు. నేనైతే తన్నేవాణ్ణి."

ఆమె టోపీ అందుకుని చీటీని వేలితో తడిమింది. వారం నుంచీ తను వాడి చెవి చూసింది, గొంతు చూసింది, జ్వరం చూసింది. టోపీ మాత్రం పెట్టుకు చూడలేదు.

వరండాలో కూర్చుని కత్తెరతో చీటీ ఊడదీస్తుంటే అత్తగారు అందుకున్నారు. "కుర్చీ సంగతీ అంతేనే. దాని స్ప్రింగు లేచి గుచ్చుకునేది. నువ్వొస్తున్నావని బాగు చేయించారు. మళ్ళీ లేచిందేమోనని రోజూ ముందు తను కూర్చుని చూస్తారు. వేడినీళ్ళూ అంతే, పొద్దున్న మొదటి బకెట్ సలసలా కాగుతూ పడుతుంది. లేకపోతే మధ్యాహ్నం దాకా స్నానం ఊసెత్తే మనిషేనా?"

"నాతో ఒక మాట చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"చెప్తే వద్దంటావు. పెళ్ళైనప్పటి నుంచి నేనూ అంటూనే ఉన్నాను."

టోపీ మళ్ళీ పెడితే పిల్లవాడు ఓసారి తడుముకున్నాడు. చెవి పీక్కోలేదు. కాసేపటికి నిద్రపోయాడు. క్రెష్‌కు ఫోన్ వెళ్ళలేదు.

దాంతో కోడలికి విసుగు పోయిందనుకుంటే పొరపాటు. సోమవారం ఆమె బయల్దేరే వేళకు మామగారు పాలసీసా మూత తిప్పుతూ దొరికిపోయారు. నోట్లో పెట్టుకోవద్దని ఆమె గుమ్మంలోంచే అరిచింది. చెంచాలో పోసుకున్నానులే అని ఆయన చప్పరించారు.

మొన్న బజార్లో పిల్లల బట్టల కొట్లో ఆమె అద్దం ముందు నిలబడి, నిమ్మకాయంత టోపీ ఒకటి నడినెత్తిన ఇరికించుకుంది. అమ్మా, అది పసిపిల్లలదండీ అన్నాడు కొట్టతను. తెలుసు, ఆగండి, ఇంకా కాలేదు అంది. ఆ సోమవారం ఆమెను గేటు దాకా దిగబెడుతూ, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని మామగారు చెప్పింది ఇదే:

"వాడికేది కొన్నా ముందు నువ్వు వేసుకుని చూడమ్మాయ్. తర్వాత వాడి వీపు మీద చెయ్యి పెట్టి చూడు. మొదటిది నా పద్ధతి, రెండోది నువ్వు నేర్పిందే. రెండూ ఒకటే చెప్తే సరే. తేడా వచ్చిందా, వాడి వీపు మాటే విను."