పలకరాతి గిటారు, మైకు గొట్టం

మాది మార్కాపురం తాలూకాలో గొర్రెల మీద బతికే ఊరు. అప్పటికి రాష్ట్రం కొత్త, మా జిల్లా కర్నూలు, మా ఊళ్లో కరెంటు లేదు. అలాంటి ఊళ్లో నేను కరెంటు గిటారు చేశాను. అదీ రాతితో. ఇప్పుడు చెబితే మనవళ్లు నవ్వుతున్నారు. అప్పుడు చెప్పకముందే ఊరంతా నవ్వింది.

గిద్దలూరులో రైల్వే వాళ్ల వేడుకకు వెళ్లినప్పుడు, ఒకాయన గిటారును ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఇనుపకడ్డీ జారుస్తూ వాయించడం చూశాను. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. నేను పనిచేసేది మార్కాపురంలో, బడిపిల్లల పలకలు చేసే కార్ఖానాలో. చెక్కపని నాకు చేతకాదు గానీ రాయి మాత్రం చెప్పినట్టు వినేది. పొడుగాటి పలకరాయి కోసి, అరగదీసి, ఇనుపతీగలు బిగించాను. పాత టెలిఫోన్‌లోంచి తీసిన అయస్కాంతానికి సన్నటి రాగితీగ చుట్టి, ఆ తీగల కింద పెట్టాను. అంతా అయ్యాక అసలు సంగతి తెలిసింది. యాంప్లిఫయరు లేనంతవరకూ అది గిటారు కాదు, బండ. మీటితే నాకే వినపడలేదు.

మా అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, "కారం నూరేదానికి బాగుంటాది. ఈడ పెట్టి పో," అంది.

అంతలో మా చెల్లెలి పెళ్లి కుదిరింది. ఇల్లంతా సందడి, పెళ్లికూతురిది మాత్రం ఏడుపు. కారణం మా చిన్నాయన. మా నాయనకు ఒక్కగానొక్క తమ్ముడు, చెల్లెల్ని భుజాన మోసి పెంచినవాడు. మంద పంచుకున్నప్పుడు ఒక పొట్టేలు దగ్గర మాటా మాటా పెరిగి, వాగు అవతలి పల్లెకు వెళ్లిపోయాడు. ఆ పొట్టేలు ఎప్పుడో చచ్చింది. తగవుకు మాత్రం ఏ రోగమూ రాలేదు.

"చిన్నాయన రాకుంటే నేను పీటల మీద కూచోను," అని చెల్లెలు తేల్చి చెప్పింది.

"నేను పోయి పిలిచేది లేదు," అన్నాడు నాయన. "పోయినోడు వాడు. వాడే రావాల."

"పిలవని పెండ్లికి నేనెందుకు పోతా?" అని అవతలి నుంచి కబురు వచ్చింది. ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలేనని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

చెల్లెల్ని నవ్వించాలని, పెళ్లిలో గిటారు వాయిస్తానన్నాను. అది నవ్వలేదు గానీ, ఎప్పుడూ నా బండ వైపు చూడని నాయన తువ్వాలు భుజాన వేసుకుని, "మైకు చూసేదానికి నేనూ వస్తా," అన్నాడు. నేను పొంగిపోయాను.

మొదట మార్కాపురంలో రేడియోలు బాగుచేసే సాయిబుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన ఒక పాత బ్యాటరీ రేడియోకి నా గిటారు తగిలించాడు. ముందు గుడ్డ బిగించిన చెక్కపెట్టె, లోపల చిన్న స్పీకరు. కడ్డీ జార్చాను. నా రాయి మొదటిసారి మాట్లాడింది. ఎంత మెత్తటి గొంతనుకున్నారు! నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తలెత్తి చూస్తే నాయన లేడు. వీధి దాటి, జట్కాల దగ్గర నిలబడి చెవి ఒగ్గి వింటున్నాడు.

తిరిగొచ్చి, "వినపడలా," అన్నాడు.

"పందిట్లో ఉన్నోళ్లకు వినపడితే చాలదా నాయనా?"

"పందిట్లో ఉన్నోళ్లకు మైకెందుకురా? నోరు లేదా?"

ఇక గిద్దలూరు రైలెక్కాం. అక్కడ పెళ్లిళ్లకు మైకు సెట్టు బాడుగకు ఇచ్చే ఆయన, లారీ బ్యాటరీ మీద నడిచే యాంప్లిఫయరూ, ఇంత వెడల్పు గొట్టమూ చూపించాడు.

"ఇది వాగు దాటుతాదా?" అని అడిగాడు నాయన.

"వాగేంది పెద్దాయనా, కొండ దాటుతాది!"

తగిలించి మీటాను. నా గిటారు మేకపిల్లలా అరిచింది. మెల్లగా మీటినా అదే అరుపు. నాకు తల కొట్టేసినట్టయింది. నాయన మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఇదే!" అన్నాడు.

"నాయనా, ఇది పాట కాదు. మేక అరుపు."

"అయితే ఏంది? గొర్రెలూ మేకల మీద బతికినోళ్లమే గదా మనం."

తిరుగు రైల్లో ఆయనకు ఎడంగా, రాయి ఒళ్లో పెట్టుకుని, తొడలు తిమ్మిరెక్కి కూర్చున్నాను. ఎదురుగా ఉన్న ముసలమ్మ దాన్ని చూసి, "సమాధి రాయా నాయనా? ఎవురు పోయినారు?" అని జాలిపడింది. నా సంగీతమే పోయిందని చెప్పలేకపోయాను.

పెళ్లిరోజు పొద్దున మైకాయన గొట్టాన్ని గడకు కట్టి, మగపెళ్లివారి విడిది వైపు తిప్పాడు. ఎక్కడైనా అంతే కదా. నాయన వచ్చి, వాగు వైపు తిప్పించాడు. తమ్ముడి మీద కసి తీర్చుకుంటున్నాడని అందరూ గుసగుసలాడారు. నేనూ అదే అనుకున్నాను. ఒళ్లు మండింది. లోపల చెల్లెలి ఏడుపు పెరిగింది.

నాయన నా పక్కన గొంతుక్కూర్చుని, "సినిమా పాటలొద్దు. మీ తాత మందను మళ్లేసే పాట వాయించు," అన్నాడు.

అది తాత పిల్లనగ్రోవి మీద ఊదిన పాట. అన్నదమ్ములిద్దరూ దాన్నే నేర్చారు. ఇద్దరి గొర్రెలకూ తెలిసిన పాట అదొక్కటే. వాయించాను. గొట్టం అరిచింది. మగపెళ్లివారు చెవులు మూసుకున్నారు. ఆపబోతే నాయన నా మోకాలు నొక్కి, "కానీ," అన్నాడు.

వాగు వైపు దుమ్ము లేచింది. ముందు రెండు ముసలి గొర్రెలు, వాటి వెనక మందకు మంద పందిట్లోకి దూరిపోయింది. మామిడి తోరణాలు తిన్నాయి, తలంబ్రాల పళ్లెం ఖాళీ చేశాయి. పెళ్లికొడుకు మేనమామ బల్లెక్కాడు. అన్నిటికన్నా వెనక, తలగుడ్డ ఊడిపోయి, కర్ర పట్టుకుని, రొప్పుతూ చిన్నాయన. ఆ రోజు ఆయన మందను వాగు ఒడ్డుకే తోలుకొచ్చాడని తర్వాత తెలిసింది. అక్కడ గడ్డిపోచ కూడా ఉండదు.

మైకాయన భయపడి యాంప్లిఫయరు కట్టేశాడు.

"నేను పెండ్లికి రాలా," అన్నాడు చిన్నాయన. "నా గొర్రెల కోసం వచ్చినా."

"నేను నిన్ను పిలవలా," అన్నాడు నాయన. "గొర్రెల్నే పిలిచినా."

ఇద్దరూ చెరోవైపు చూస్తూ నిలబడ్డారు. పసుపు బట్టలతో చెల్లెలు పరుగెత్తుకొచ్చి చిన్నాయన చెయ్యి పట్టుకుంది. ఆయన రెండో చేత్తో గొర్రెల్ని లెక్కపెట్టుకుంటూ, నా వైపు తిరిగాడు.

"కుంటిది రాలేదు. ఇంకోసారి వాయించురా అబ్బాయ్."

మైకాయన చేత యాంప్లిఫయరు మళ్లీ పెట్టించి వాయించాను. అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ వాయించలేదు. కుంటి గొర్రె రాలేదు. అసలు ఆ మందలో కుంటిది ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ అది వచ్చేదాకా కదలనని, చిన్నాయన మా చెల్లెలి అప్పగింతలయ్యేదాకా మా ఇంట్లోనే ఉండిపోయాడు.