రంగూను పోని మా వదిన

మార్కాపురం, కార్తీక బహుళ పంచమి.

మా పెద్దవదిన మొన్న విదియనాడు పోయింది. పొద్దున జొన్నరొట్టెలు కాల్చి, పెనం దించి, గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. ఒకరి చేత చేయించుకోలేదు. ఇంత సుఖమైన చావు పుణ్యాత్ములకే వస్తుందని చూడవచ్చినవాళ్ళందరూ అన్నారు. నేనూ ఒప్పుకున్నాను. అయితే పాడె లేచేటప్పుడు, మా పుట్టింటి ఊరి నుంచి వచ్చిన ఒకావిడ తన కోడలి చెవిలో చెబుతున్నట్టుగా, నాకు వినపడేట్టుగా, "ఈమే, మొగుడి పేరు చెప్పి మొగుణ్ణి చంపుకున్నామె" అన్నది. ఆ కోడలు మెడ సాచి శవం ముఖం చూసింది.

ఆ మాట పుట్టిన రోజున నేను అక్కడ ఉన్నాను. అప్పుడు ఉన్నవాళ్ళలో ఇప్పుడు మా ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే. అందుకని మైల తీరకముందే ఈ కాగితం ముందు కూర్చున్నాను. ఆమెను దేవతను చేయడానికి రాయడం లేదు. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది సరిగా ఉండాలని రాస్తున్నాను.

ఆమె మా అన్న భార్య. పెద్దారవీడు అవతల మా ఊళ్ళో, మెట్టచేలు, గొర్రెలు ఉన్న ఇంటికి కోడలిగా వచ్చింది. అప్పటికి నేను పరికిణీలు కట్టుకునే పిల్లను. ఆడపిల్లకు చదువెందుకు, పేడకళ్ళు ఎవరు ఎత్తుతారని మా అమ్మ నన్ను మిషన్ బడి మాన్పించబోతే, కొత్తకోడలు మారుమాట లేకుండా నా వంతు పేడ కూడా తానే ఎత్తింది. నేను పెద్ద పరీక్ష పాసయ్యేదాకా ఎత్తింది. నాకు ఈ నాలుగు అక్షరాలు వచ్చాయంటే ఆమె వల్ల వచ్చాయి. ఆమె మాత్రం వేలిముద్ర దగ్గరే ఆగిపోయింది.

ఎద్దును లేపాలన్నా "లెయ్యి నాయనా" అనేది. జొన్నలు ఎండాయో లేదో ఒక గింజ కొరికి, ఆ చప్పుడు విని చెప్పేది. కూరలో ఉప్పు చివరనే వేసేది. "తక్కువైతే నోరు అడుగుతాది అమ్మీ, ఎక్కువైతే ఎవురిని అడగాల?" అనేది. అడవి నుంచి తేనె, కుంకుళ్ళు తెచ్చే చెంచువాళ్ళు వాకిట్లోకి వస్తే మా అమ్మ ముందు బేరం ఆడేది, వదిన ముందు అన్నం పెట్టేది. "ఆకలిగొన్నోణ్ణి ఊరు అడగబాకు, చెయ్యి కడుక్కోమను" అన్నది ఆమె మాటే. మా ఇంట్లో ఇప్పటికీ అంటారు, ఎవరిదో మరిచిపోయి.

భర్త పేరు భార్య పలకకూడదన్నది మా వైపు అందరికీ ఉన్న పట్టింపే. పలికినప్పుడల్లా ఆయన ఆయుస్సు కొంత తరుగుతుందంటారు. మా అన్నకు పెట్టింది మార్కాపురం దేవుడి పేరు. దాంతో ఆమెకు దేవుడి పేరు కూడా లేకుండా పోయింది. "గుళ్ళో సామి" అనేది. తిరునాళ్ళలో జనమంతా ఆ పేరు ఎత్తి కేకలు పెడుతుంటే, ఈమె పెదవులు బిగబట్టి చేతులు మాత్రం పైకెత్తి నిలబడేది.

వరసగా వానలు లేని ఏళ్ళలో మా అన్న ఒక పలకల వర్తకుడి దగ్గర పనికి కుదిరాడు. మార్కాపురం పలకలు రైలెక్కి మద్రాసు రేవుకు, అక్కడి నుంచి ఓడలో రంగూనుకు పోయేవి. అక్కడ సరుకు దించుకుని చూసుకునే మనిషి కావాలంటే మా అన్నను పంపారు. రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చి, నాలుగు నెలలుండి పోయేవాడు. యుద్ధం వచ్చిన తర్వాత ఒక శ్రావణమాసంలో ఆయనతో ఉండే మనిషి జాబు రాశాడు. ఊపిరితిత్తుల జబ్బు, ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంటివాళ్ళెవరైనా వచ్చి చూసుకుంటే మంచిది అని. పుట్టింటికి వచ్చి ఉన్న నా చేత వదిన ఆ జాబు రెండుసార్లు చదివించుకుని, "నేను పోతా" అన్నది. అంతకుముందు ఆమె రైలు ఎక్కి ఎరగదు.

వెనకటి రోజులైతే టిక్కెట్టు కొనుక్కుని ఓడ ఎక్కడమే. బర్మా మన దేశం నుంచి వేరుపడింది కదా, ఈ జాబు వచ్చిన యేడే కొత్త ఉత్తరువు వచ్చింది. పాస్‌పోర్టు కావాలి, దాని మీద వీసా కావాలి. చూసి రావడానికి పోయేవాళ్ళు ఎందుకు పోతున్నారో, ఎన్నాళ్ళు ఉంటారో, తిరిగి వస్తారని పూచీ ఎవరో అన్నీ రాయాలి. మూడు నెలలు ఉండి వస్తానని అర్జీ నేనే రాశాను. ఒంటిమీది గుర్తులు రాయమన్నారంటే, "పుట్టుమచ్చలు దొరలకు సూపియ్యాల్నా?" అని అడిగింది. మోచేతి మీది తేలు పచ్చబొట్టు చాలునని చెప్పి అదే రాశాను. అర్జీ మద్రాసు పోయింది. వినాయక చవితి వెళ్ళి, భాద్రపద పౌర్ణమి కూడా దాటిన తర్వాత, విచారణకు అధికారి మార్కాపురం వచ్చి ముసాఫరు బంగళాలో దిగాడని, మనిషి స్వయంగా రావాలని కబురు వచ్చింది.

బండి కట్టుకుని పోయాం. మా అమ్మ కూడా వచ్చింది. బండి దిగకుండా, వరండా కనపడేట్టు కూర్చుంది.

అధికారికి తెలుగు రాదు. పక్కన తెలుగు గుమాస్తా ఉన్నాడు. పెళ్ళాలమని చెప్పించి ఆడవాళ్ళను ఓడలెక్కించి, అక్కడ అమ్ముకునే దళారులు ఉన్నారట. అందుకని భర్త వివరాలన్నీ ఆమె నోటితోనే రావాలట. నియమం చెడ్డది కాదు. పెట్టినవాళ్ళకు మా ఊరి భార్యలు ఎలా ఉంటారో తెలియదు, అంతే. వదిన ఊరు చెప్పింది, పని చెప్పింది, మా అన్న కుడిమడమ మీద గొడ్డలి దెబ్బ మచ్చ ఉన్నదని అడగకుండానే చెప్పింది. పేరు దగ్గర ఆగింది.

"మొగుడి మడమ తెలుసు, మొగుడి పేరు తెలవదా?" అన్నాడు గుమాస్తా. వరండాలో తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు నవ్వారు.

మా గుళ్ళో సామి పేరే అయ్యా అన్నది వదిన. సామికైతే వీసా అక్కర్లేదు పొమ్మన్నాడు. నేను ముందుకు వచ్చి, ఆయన మా అన్న, పేరు నేను చెబుతానన్నాను.

"మీరు చెబితే ఆయన మీకు మొగుడవుతాడమ్మా" అన్నాడు.

ఈసారి బంగళా కాపలావాడు కూడా నవ్వాడు. నేను ఇంగ్లీషులో అధికారికే చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు, కసరలేదు. ఆమే చెప్పాలని మర్యాదగా అన్నాడు. రేపు గిద్దలూరు క్యాంపు, మళ్ళీ ఈ వైపు ఎప్పుడు వచ్చేదీ చెప్పలేమని గుమాస్తా కాగితాలు కట్టబోయాడు.

వదిన బండి దగ్గరకు వచ్చి మా అమ్మ వైపు చూసింది.

"చెప్పినావంటే నా కొడుకు ఆయుస్సు నీ నోట్లోంచే పోతాది" అన్నది మా అమ్మ. "మంచంలో ఉండాడు వాడు. ఇంగ నీ ఇష్టం."

ఆమె కష్టం చదివేవాళ్ళకు తెలియాలి. ఆయన ఆయుస్సు తన నాలుక మీద ఉన్నదని మా అమ్మ ఎంత నమ్మిందో, వదినా అంతే నమ్మింది. పలికితే ఆయనకు చేటు. పలకకపోతే ఆయన ముఖం చూడటం ఉండదు. కొంచెంసేపు ఎద్దు మెడ నిమురుతూ నిలబడింది. తర్వాత బంగళా వెనక బావి దగ్గరకు పోయి, పూజకు పోయే మనిషిలా నోరు పుక్కిలించి, కాళ్ళు కడుక్కుని, వరండా ఎక్కి ఆ పేరు పలికింది.

గుమాస్తాకు వినపడింది. నాకు వినపడినప్పుడు అతనికి వినపడకేమి? అయినా వినపడలేదన్నాడు. మళ్ళీ పలికింది. గట్టిగా చెప్పమన్నాడు. మూడోసారి ఎంత గట్టిగా పలికిందంటే, బండి దగ్గర ఎద్దులు తలలు తిప్పాయి. మా అమ్మ చెవులు మూసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మ ఆమెను బండి ఎక్కనివ్వలేదు. బండి వెనక నడిచింది. నేనూ దిగి ఆమెతో నడిచాను. గుండ్లకమ్మ ఏరు దాటిన తర్వాత, "అమ్మీ, ఈ సంగతి జాబులో రాయబాకు. మీ అన్న మొకం జూసి నేనే చెప్తా" అన్నది.

దసరాకు ముందు వీసా వచ్చింది. మూడు నెలలకు. వేయించిన జొన్నపిండి, చింతకాయ తొక్కు మూట కట్టింది. మద్రాసు దాకా తీసుకుపోవడానికి, మార్కాపురంలో ఉద్యోగం చేసే నా భర్త సెలవు పెట్టాడు. బయలుదేరవలసిన ముందురోజు, జాబు రాసిన ఆ మనిషే ఓడ దిగి రైలెక్కి మా వాకిట్లోకి వచ్చాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మా అన్న వినాయక చవితి నాడే పోయాడని, తంతి ఇచ్చినా చేరినట్టు లేదని చెప్పాడు.

నేను మా అమ్మ ముందు కూర్చుని రోజులు లెక్క చెప్పాను. చవితి ముందు, పౌర్ణమి వెనక. ఆమె నోరు తెరిచేటప్పటికి అన్న ఈ లోకంలో లేడు.

మా అమ్మ అంతా విన్నది. "పోవాలని తలుచుకున్న నాడే చెప్పాలనీ తలుచుకున్నాది. నాలిక కంటే మనసు ముందు కదలదా?" అన్నది. కబురు తెలిసిన పదోరోజున గాజులు పగలగొట్టిన తర్వాత వదినను దగ్గరకు పిలిచి, "ఇంగ ఎన్నిసార్లన్నా చెప్పుకో. పోయేదేముంది" అన్నది.

పేరు చెప్పి మొగుణ్ణి చంపుకున్నదన్న మాట ఊరు దాటింది. కొత్తకోడళ్ళకు బుద్ధులు చెప్పేటప్పుడు ఈమెను వేలితో చూపించేవాళ్ళు. ఈమె బావి దగ్గరకు వస్తే ముత్తైదువలు బిందెలు జరుపుకునేవాళ్ళు. వదిన అందరూ పోయిన తర్వాత తోడుకుని వచ్చేది. ఒకసారి కొర్రలు చెరుగుతుంటే అడిగాను, నువ్వు కూడా నమ్ముతున్నావా అని. చేట ఆపలేదు. "నేను నమ్మకపోతే ఆ ముసలామె ఎవుర్ని తిడతాది అమ్మీ? కొడుకు ఊరికే పోయినాడనుకుంటే బతకగలదా?" అన్నది.

ఆ ముసలామె ఇంకా రెండేళ్ళు బతికింది. మంచం పట్టిన ఆరు నెలలు ఎత్తి దించింది వదినే. నీళ్ళు మాత్రం మా అమ్మ ఆమె చేతి మీదుగా తాగలేదు. చివరి రోజున వదిన ముంచి నా చేతికిస్తే నేను పోశాను. ఎవరు ముంచారని అడిగింది. నేను అబద్ధం చెప్పే అలవాటు లేనిదాన్ని. మా అమ్మ ఆ గుక్క నా చేతిమీద ఉమ్మేసి, నోరు మూసుకుని పోయింది. వదిన వంగి, కొంగుతో ముందు ఆమె గడ్డం తుడిచింది, తర్వాత నా చెయ్యి తుడిచింది.

ఆ యేటి నుంచి వదిన నా ఇంట్లోనే ఉంది. ఇక జరగవలసినవి:

1. ఆమెకు పిల్లలు లేరు కనుక పదోరోజు కర్మ మా తమ్ముడి కొడుకు చేయాలి. చేస్తాడా అని అడగడం లేదు.

2. పురోహితుడు ఆమె పేరు అడిగితే ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కరలేదు. నాకు తెలుసు, నేను చెబుతాను.

3. భోజనాలకు ఊరివాళ్ళందరూ రావచ్చు. ఆ మాట అన్నవాళ్ళూ రావచ్చు. నా వాకిట్లో మళ్ళీ అంటే, సగం తిన్నవాళ్ళైనా సరే, విస్తరి ఎత్తేస్తాను.

4. పెళ్ళయిన నా మనవరాళ్ళిద్దరూ ఆ రోజు అందరి ముందు తమ భర్తల పేర్లు పలకాలి. సిగ్గుపడితే పడనీయండి, భయపడకూడదు.

5. పిండం పెట్టిన తర్వాత కాకి రాకపోతే, అది చేస్తాం, ఇది చేస్తాం అని ఎవరూ మాట ఇవ్వవద్దు. ఆమె కోరింది ఒక్కటే, ఆయన ముఖం చూడటం. అది ఇవ్వడం మన చేతిలో లేదు. అందరూ ఇళ్ళకు పొండి. గట్టుమీద ఆ ముద్ద ఎండకు ఎండేదాకా నేను కూర్చుంటాను.